పిందెల జట్టు: బాస్కెట్‌బాల్ జీఎంలో నా పన్నెండు సీజన్లు

నాలుగో సీజన్ ప్లేఆఫ్స్ ముగిసిన రాత్రి సియాటెల్ జట్టు యజమాని నన్ను పనిలోంచి తీసేశాడు. యజమానీ, జట్టూ, అందులోని ఆటగాళ్ళూ కంప్యూటర్ కల్పించినవారే అయినా, ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదని ఒప్పుకోవాలి. ఎందుకంటే నేను నాలుగేళ్ళపాటు ఏరి కోరి పోగుచేసిన తొమ్మిదిమంది కుర్రాళ్ళు ఆ జట్టులో ఉన్నారు. వాళ్ళలో ఒక్కడికీ ఇంకా 24 ఏళ్ళు నిండలేదు.

బాస్కెట్‌బాల్ జీఎం అనేది జెరెమీ షెఫ్ అనే ప్రోగ్రామర్ తయారుచేసిన ఆట. బ్రౌజర్‌లోనే, ఉచితంగా ఆడుకోవచ్చు. ఇందులో బంతి మన చేతికి రాదు. మనం జట్టు జనరల్ మేనేజర్‌గా కూర్చుని ఎవరిని తీసుకోవాలో, ఎవరిని వదులుకోవాలో, ఎవరికి ఎంత జీతం ఇవ్వాలో నిర్ణయిస్తే, మ్యాచ్‌లను కంప్యూటర్ తనంతట తాను ఆడించి ఫలితం చెబుతుంది. ముప్ఫై జట్లు, ఒక్కో జట్టుకు 82 మ్యాచ్‌లు, పదిహేనుమందికి మించని బృందం, ఏటా కొత్త కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే రెండు రౌండ్ల డ్రాఫ్ట్: అంతా అమెరికాలోని ఎన్‌బీఏ అనే బాస్కెట్‌బాల్ లీగ్ పద్ధతే. ప్రతి ఆటగాడికీ ఎత్తు, బలం, వేగం, గెంతు, దమ్ము మొదలుకొని మూడు పాయింట్ల షాట్, డ్రిబ్లింగ్, పాసింగ్, రీబౌండింగ్, ఆట తెలివి దాకా నూటికి లెక్కగట్టిన అంకెలు ఉంటాయి. వాటన్నిటినీ కలిపి ఓవరాల్ అనే ఒక అంకె, ముందుముందు ఎంత దాకా ఎదగవచ్చో అంచనా వేసే పొటెన్షియల్ అనే మరో అంకె కనిపిస్తాయి. ఓవరాల్ 55 దాకా వస్తే మొదటి ఐదుగురిలో ఆడించవచ్చు. 75 దాటినవాడు లీగ్ మొత్తంలో అత్యుత్తమ ఆటగాడి పురస్కారానికి పోటీపడతాడు. పందొమ్మిదేళ్ళ కుర్రాడు డ్రాఫ్ట్‌కు వచ్చేసరికి ఓవరాల్ 42, పొటెన్షియల్ 68 వంటి అంకెలతో నిలబడి ఉంటాడు. ఆ రెండింటి నడుమ ఉన్న 26 పాయింట్ల ఖాళీని చూసే నేను చెడిపోయాను.

సియాటెల్‌లో నేను చేసింది నిజమైన ఎన్‌బీఏలోని ఫిలడెల్ఫియా జట్టును అనుకరించడం. 2013లో శామ్ హింకీ ఆ జట్టు పగ్గాలు చేపట్టి, చేతిలో ఉన్న నికరమైన ఆటగాళ్ళను ఇచ్చేసి డ్రాఫ్ట్ వంతులూ కుర్రాళ్ళూ సంపాదించడమే పనిగా పెట్టుకున్నాడు. జట్టు వరుసగా 19, 18, 10 మ్యాచ్‌లు మాత్రమే గెలిచింది. 2015–16లో 10 గెలుపులు, 72 ఓటములు. ఆ సీజన్ ముగియకముందే, 2016 ఏప్రిల్‌లో ఆయన రాజీనామా చేశాడు. అయినా 2014లో మూడో వంతులో ఆయన తీసుకున్న జోయెల్ ఎంబీడ్ గాయాల వల్ల రెండు సీజన్లు పూర్తిగా కూర్చుండిపోయి, ఆ తరువాత లీగ్‌లోనే అత్యుత్తముల్లో ఒకడయ్యాడు గనుక, ఆ పద్ధతిని మెచ్చుకునేవారు నేటికీ ఉన్నారు. నేనూ ఆ కోవలోనివాణ్ణే. మొదటి సీజన్‌లోనే సియాటెల్‌లో ఉన్న ముగ్గురు మంచి ఆటగాళ్ళను ఇచ్చేసి, బదులుగా డ్రాఫ్ట్ వంతులు తెచ్చుకున్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. కుర్రాళ్ళు ఆడితేనే కదా నేర్చుకుంటారు అన్నది నాకు సందేహం లేని సత్యంగా తోచింది. ఊళ్ళో కాలేజీ గ్రౌండ్‌లో ఆడిన రోజుల్లో బెంచీ మీద కూర్చున్నవాడు బెంచీ మీదే మిగిలిపోవడం నేను కళ్ళారా చూశాను. అందుకని బృందం పట్టికలో ప్రతి కుర్రవాడి పేరు పక్కన ఉన్న గడిలో ప్లస్ గుర్తు పెట్టి, వాడికి రావలసినదానికంటే ఎక్కువ నిమిషాలు ఇప్పించాను. ఓవరాల్ 41 ఉన్న పిల్లవాడు మ్యాచ్‌కు 34 నిమిషాలు ఆడేవాడు, జట్టు 25 పాయింట్ల తేడాతో ఓడేది, నేను దానిని చదువుకు కట్టే ఫీజుగా భావించి తృప్తిపడేవాణ్ణి. మూడో సీజన్‌లో వాళ్ళందరిలోకీ చురుకైన గార్డ్‌కు, అంటే బంతిని నడిపించే కుర్రవాడికి, మోకాలు దెబ్బతిని సీజన్ మొత్తం పోయింది. తిరిగి వచ్చేసరికి వాడి వేగం, గెంతు రెండూ పడిపోయి ఉన్నాయి. అప్పుడు కూడా అది దురదృష్టమనే అనుకున్నాను తప్ప, నా ప్లస్ గుర్తుకూ దానికీ సంబంధం ఉండవచ్చునన్న ఊహ రాలేదు.

ఉద్యోగం పోయాక ఈ ఆటలో ఒక ఏజెంటు మనకోసం వేరే ఉద్యోగాలు వెదికిపెడతాడు. అయితే అవి లీగ్‌లో అట్టడుగున ఉన్న జట్లనుంచే వస్తాయి. వాటిలోంచి పిట్స్‌బర్గ్‌ను ఎంచుకున్నాను. లీగ్ అదే, కాలం అదే. నా తొమ్మిదిమంది కుర్రాళ్ళు మాత్రం సియాటెల్‌లో కంప్యూటర్ చేతికింద ఉండిపోయారు.

ఆ వేసవిలోనే నా మేనల్లుడు సెలవులకు ఇంటికి వచ్చాడు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఈ ఆట కోడ్ ఎవరైనా చదువుకోవడానికి వీలుగా ఇంటర్నెట్‌లో ఉందని నాకు చెప్పింది వాడే. భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, ఆటగాళ్ళ ఎదుగుదలను లెక్కగట్టే భాగం తెరిచి చాలాసేపు మాట్లాడకుండా చదివాడు.

"మావయ్యా, ఇందులో నిమిషాల ఊసే లేదు," అన్నాడు.

"సరిగ్గా చూడరా. ఇంకెక్కడో రాసి ఉంటాడు."

"మొత్తం వెదికాను. వయసు అడుగుతోంది, కోచింగ్ లెవెల్ అడుగుతోంది. మిగిలిందంతా పాచికలే. నువ్వు వాణ్ణి ఆడించినా, ఏడాదంతా కూర్చోబెట్టినా దీనికి ఒకటే."

నమ్మబుద్ధి కాక నేనూ పక్కన కూర్చుని ఒక్కో వరుసా వాడిచేత చెప్పించుకున్నాను. మేము చూసిన కోడ్‌లో ఉన్నది ఇది. ఏటా ప్రీ-సీజన్ మొదలైనప్పుడు ప్రతి ఆటగాడికీ ఒక మార్పు అంకె తయారవుతుంది. ఇరవై ఏళ్ళలోపువాడికి అది 2 దగ్గర మొదలవుతుంది, 21, 22 ఏళ్ళకు 1, ఆపైన 25 దాకా 0.3, 27 దాకా సున్నా, ఆ తరువాత కిందికే. దానికి ఒక యాదృచ్ఛికమైన అంకె కలుస్తుంది. 23 ఏళ్ళ వరకూ ఆ అంకె కిందికి 4 దాటి పోదు, పైకి మాత్రం 20 దాకా పోవచ్చు. 24, 25 ఏళ్ళవారికి పైకప్పు 10కి దిగుతుంది, ఆ తరువాత 4కి. కోచింగ్ మీద డబ్బు ఖర్చుపెడితే పెరుగుదల కొంత ఎక్కువవుతుంది, తరుగుదల కొంత తగ్గుతుంది. నన్ను అన్నిటికంటే ఆపినది ఇంకొకటి: షూటింగ్‌కు ఒకటి, డ్రిబ్లింగ్‌కు ఒకటి అని వేరువేరు పాచికలు లేవు. సంవత్సరానికి ఒక్కో ఆటగాడికి ప్రధానంగా ఒకే పాచిక. దాని ఫలితమే కాస్త అటూఇటుగా అన్ని గుణాలకూ పంచబడుతుంది. ఒకే వేసవిలో కుర్రవాడి ఓవరాల్ పది పాయింట్లు ఎగబాకడం, పక్కవాడు ఉన్నచోటనే ఉండిపోవడం ఎందుకో అప్పుడు తెలిసింది.

అంటే నాలుగేళ్ళలో నేను కట్టిన ఫీజంతా వృథా. నిమిషాల వల్ల వాళ్ళకు ఒరిగింది ఏమీ లేదు. కోర్టు మీద ఎక్కువసేపు ఉన్నందువల్ల గాయపడే అవకాశం మాత్రం పెరిగింది. ఎన్‌బీఏలో ఇలా కాదు, యానిస్ అడెటోకున్‌బోను చూడండి అని మేనల్లుడితో వాదించాను. 2013లో మిల్వాకీ జట్టు పదిహేనో వంతులో తీసుకున్న ఆ పద్దెనిమిదేళ్ళ గ్రీకు కుర్రవాడు మొదటి సీజన్‌లో మ్యాచ్‌కు 6.8 పాయింట్లు మాత్రమే చేశాడు. ఓడుతున్న జట్టులో ఆడుతూ ఆడుతూనే ఎదిగి 2019లోనూ, 2020లోనూ అత్యుత్తమ ఆటగాడయ్యాడు, 2021లో జట్టుకు టైటిల్ తెచ్చాడు. "అది నిజం మావయ్యా, ఇది కోడ్," అని వాడు ల్యాప్‌టాప్ మూసేశాడు.

పిట్స్‌బర్గ్‌లో మొదటి పనిగా ప్లస్ గుర్తులన్నీ తీసేశాను. ఇక ఎంపిక మాటకు వస్తే, కోడ్‌లో కనిపించిన మరో సంగతి నా చూపునే మార్చింది. వేగం, గెంతు అనే రెండూ ఏడాదికి 2 పాయింట్లకు మించి పెరగవు, ఎత్తు ఇరవై ఏళ్ళు దాటాక పెరగనే పెరగదు. షూటింగ్ మాత్రం ఒక్క ఏడాదిలో 13 దాకా పెరగవచ్చు. ఆట తెలివి, అంటే దాడిలోనూ రక్షణలోనూ ఎక్కడ నిలబడాలో తెలియడం, పందొమ్మిది ఇరవై ఏళ్ళవాడికి అంతకంటే వేగంగా పెరుగుతుంది. అంతకు ముందు నేను పందొమ్మిదేళ్ళకే చక్కగా బంతి వేసే పొట్టి కుర్రాళ్ళను ముద్దుచేసేవాణ్ణి. వాళ్ళ దగ్గర ఉన్నది ఎవరికైనా తరువాత అబ్బేదే, లేనిదేమో ఎన్నటికీ రానిది. అందుచేత ఏడడుగుల ఎత్తు, చిరుతలాంటి వేగం ఉండి, బంతిని రింగు దరిదాపులకైనా వేయలేని వాళ్ళను ఏరడం మొదలుపెట్టాను. పచ్చి ఆటగాడు అన్న మాటకు నా మటుకు అర్థం అప్పుడు స్థిరపడింది: నేర్చుకోవలసినవన్నీ రాకుండా, నేర్పలేనివన్నీ ఉన్నవాడు.

రెండో మార్పు రెండో రౌండ్ గురించి. నిజమైన ఎన్‌బీఏలో రెండో రౌండ్‌లో వచ్చేవారిలో నిలదొక్కుకునేవారు కొద్దిమందే. 2014లో 41వ వంతులో వచ్చి లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడైన నికోలా యోకిచ్ వంటివాడు అరుదు. 2015లో డల్లాస్ జట్టు 52వ వంతులో మన పంజాబ్ కుర్రవాడు సత్నాం సింగ్‌ను తీసుకున్నప్పుడు ఎంత సంబరపడ్డామో నాకింకా గుర్తుంది, కానీ ఆయనకు ఎన్‌బీఏలో ఒక్క సీజన్ మ్యాచ్ అయినా ఆడే అవకాశం రాలేదు. ఈ ఆటలో కూడా మిగతా జట్లు రెండో రౌండ్ వంతులను చిల్లరకింద చూస్తాయి. అయితే ఇక్కడ రెండు నియమాలు కలిసివస్తాయి. డ్రాఫ్ట్‌లో తీసుకున్న కుర్రవాణ్ణి సీజన్ మొదలయ్యేలోపు వదిలేస్తే జీతం బాకీ ఉండదు. పదిహేనుమంది పరిమితి కూడా మ్యాచ్‌లు మొదలైనప్పుడే అడ్డం వస్తుంది. ఆ సంవత్సరపు పాచిక పడేదేమో అంతకు ముందే, ప్రీ-సీజన్‌లో. కనుక జట్ల మధ్య ఆటగాళ్ళను మార్చుకునే వ్యాపారాల్లో చివర కొసరుగా అడిగి రెండో రౌండ్ వంతులు ఐదారు పోగుచేసి, ఆ వంతులన్నిటితో పొడుగాటి పందొమ్మిదేళ్ళ కుర్రాళ్ళను తీసుకుని, ప్రీ-సీజన్ దాకా ఉంచి, పాచిక కలిసివచ్చినవాణ్ణి ఉంచుకుని మిగిలినవారిని వదిలేయడం నాకు ఏటా జరిగే తంతు అయింది.

పిట్స్‌బర్గ్‌లో రెండో ప్రీ-సీజన్ ఉదయం ఒక కాగితం మీద ఆరుగురి పేర్లు, పక్కన పాత ఓవరాల్ రాసుకుని మీట నొక్కాను. మార్పులు వరుసగా ఇవి: ఒకటి పైకి, రెండు కిందికి, సున్నా, మూడు పైకి, ఒకటి కిందికి, తొమ్మిది పైకి. ఆఖరివాడు 38వ వంతులో వచ్చిన సెంటర్, అంటే రింగు దగ్గర ఆడే పొడుగువాడు. 39 నుంచి 48కి లేచాడు. పొటెన్షియల్ అంకె కూడా 61 నుంచి 69కి మారింది. ఆ అంకె విధి రాసిన గీత కాదని, ప్రస్తుతపు ఓవరాల్‌నూ వయసునూ బట్టి ఏటా మళ్ళీ కట్టే అంచనా మాత్రమేనని అప్పటికి తెలుసుకున్నాను. మిగిలిన ఐదుగురిలో మూడు పాయింట్లు పెరిగినవాణ్ణి పద్నాలుగో చోటుకు ఉంచి, నలుగురిని వదిలేశాను. పది నిమిషాల పని. మొదట్లో ఇది కొంచెం గుచ్చుకునేది, ఇప్పుడు అలవాటైపోయింది.

అలవాటు కానిది మొదటి రౌండ్ కుర్రాళ్ళను వదలడం. మూడో ఏడు ఐదో వంతులో ఒక ఫార్వర్డ్ వచ్చాడు. ఇరవై ఏళ్ళు, ఓవరాల్ 49, పొటెన్షియల్ 74. వాడికోసం రెండేళ్ళ తరువాతి జట్టు ఎలా ఉండాలో కూడా కాగితం మీద గీసుకున్నాను. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత నన్ను చూసే పుట్టి ఉండాలి. మొదటి ప్రీ-సీజన్‌లో వాడు ఒక పాయింటు తగ్గాడు, పొటెన్షియల్ 69 అయింది. రెండోసారి ఒక పాయింటు పెరిగాడు గానీ, ఏడాది గడిచింది గనుక పొటెన్షియల్ 64కి దిగింది. పెరగకుండా గడిచిన ప్రతి ఏడూ వాడి వెలను తినేస్తోందని లెక్క చెబుతూనే ఉంది, నేను మాత్రం ఇంతకాలం పడనిది ఈసారి పడుతుందని నాకు నేను చెప్పుకున్నాను. పాచికకు క్రితం ఏటి సంగతి గుర్తుండదు. 24 ఏళ్ళకు వాడు 52 దగ్గర ఆగాడు, పొటెన్షియల్ 56. ఇరవై ఒకటో ఏట వాడికి బదులుగా ఒక మొదటి రౌండ్ వంతూ, నికరమైన గార్డూ ఇస్తానన్న జట్టు ఈసారి రెండో రౌండ్ వంతు కూడా ఇవ్వనంది. ఫిలడెల్ఫియానే అనుకరించదలిస్తే నేను చూడవలసింది ఎంబీడ్‌ను కాదు. 2013లో పదకొండో వంతులో వచ్చి, ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడైన మైకెల్ కార్టర్-విలియమ్స్‌ను వాళ్ళు మరుసటి సీజన్‌లోనే, 2015 ఫిబ్రవరిలో, లేకర్స్ అనే జట్టు తాలూకు మొదటి రౌండ్ వంతుకు ఇచ్చేశారు. ఆ తరువాత అతని ఆట మళ్ళీ ఆ స్థాయిని అందుకోలేదు. ధర పలికే వేళ ఇచ్చేయడం అంటే అదీ.

కుర్రాళ్ళ నడుమ పెద్దవాళ్ళను ఉంచడం కూడా పిట్స్‌బర్గ్‌లోనే నేర్చుకున్నాను. అది వాళ్ళకు పాఠాలు చెప్పించడానికి కాదు, కోడ్‌లో అటువంటిదేమీ లేదు. పూర్వం నన్ను తీసేసినవాడిలాగే ఇక్కడి యజమాని కూడా గెలుపు, ప్లేఆఫ్స్, లాభం అనే మూడింటినీ చూస్తాడు. ఒప్పందం ముగిసిన కుర్రవాడు మళ్ళీ మనతో సంతకం చేయాలా వద్దా అని ఆలోచించేటప్పుడు జట్టు గెలుస్తోందా, పేరు వినిపిస్తోందా, వసతులు ఎలా ఉన్నాయి అని చూస్తాడు. ముప్ఫై ఒకటి, ముప్ఫై రెండేళ్ళ ఆటగాళ్ళను కొత్తగా కడుతున్న జట్లు కారుచౌకగా ఇచ్చేస్తాయి. అలాంటి నలుగురిని తెచ్చి నిమిషాలన్నీ వాళ్ళకిచ్చి, కుర్రాళ్ళను బెంచీ చివర కూర్చోబెట్టాను. కాలేజీ గ్రౌండ్‌లో నేర్చుకున్నదానికి ఇది పూర్తిగా విరుద్ధం, కానీ మేము 44 మ్యాచ్‌లు గెలిచాం. స్కౌటింగ్, అంటే డ్రాఫ్ట్‌కు వచ్చే కుర్రాళ్ళను ముందే పరిశీలించే పని, ఖర్చు బాగా తగ్గించి ఆ డబ్బు కోచింగ్‌కూ వసతులకూ మళ్ళించాను. కోచింగ్ ఫలితం త్వరగానే వచ్చింది. వసతుల ఫలితం మాత్రం ఏళ్ళు గడిస్తే గాని కనిపించదు.

ఆ 38వ వంతు సెంటర్ ఇరవై మూడో ఏటికి 64కి చేరి మా జట్టుకు మూలస్తంభం అయ్యాడు. అదే సీజన్‌లో మేము ప్లేఆఫ్స్ రెండో రౌండ్‌కు వెళ్ళి సియాటెల్ చేతిలో ఓడిపోయాం. మమ్మల్ని ఓడించినవాడు నా పాత తొమ్మిదిమందిలో ఒకడు. నేను వదిలి వచ్చేనాటికి వాడి ఓవరాల్ 50. కంప్యూటర్ వాడికోసం ఏ ఉపాయమూ పన్నలేదు, ఏ ప్లస్ గుర్తూ పెట్టలేదు. వరుసగా రెండు ప్రీ-సీజన్లు మంచి పాచికలు పడ్డాయి, అంతే. ఆ ఏడు అత్యుత్తమ ఆటగాడి పురస్కారం వాడిదే. మేనల్లుడికి ఫోన్ చేసి చెబితే పగలబడి నవ్వాడు.

మా సెంటర్ పేరు పక్కన ఒక చిన్న అక్షరం ఉంటుంది. పేరు ప్రఖ్యాతులకు విలువ ఇచ్చేవాడని దాని అర్థం. పిట్స్‌బర్గ్ పెద్ద మార్కెట్ కాదు. జట్టులో పెరిగిన కుర్రవాడన్న మమకారం మొదటి ఒప్పందం ముగిసినప్పుడు పనికివచ్చింది. రెండోదానికి ఆ మినహాయింపు లేదు. ఇరవై నాలుగో ఏట, ఒప్పందంలో చివరి సీజన్‌లో, మాట్లాడటానికే సిద్ధంగా లేడని తెరపై ఎర్ర అక్షరాల్లో కనిపించింది. ఐదేళ్ళ కిందటి నేను అయితే ఆఖరిరోజు దాకా ఆశపడి, వాణ్ణి ఊరికే పోగొట్టుకుని, చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాణ్ణి. ఈసారి వ్యాపారాల గడువు ముగియడానికి ముందే టైటిల్ కోసం పోటీపడుతున్న ఒక జట్టుకు ఇచ్చేసి మూడు మొదటి రౌండ్ వంతులు తీసుకున్నాను.

ఆ మూడూ ఈ సీజన్‌కు పండాయి: నాలుగు, పదకొండు, ఇరవై మూడు. ముగ్గురూ పందొమ్మిదేళ్ళవాళ్ళే, ముగ్గురూ పొడుగే, ఒక్కడికీ మూడు పాయింట్ల షాట్ 30 దాటలేదు. నిన్న రాత్రి ప్రీ-సీజన్ మీట నొక్కాను. నాలుగో వంతువాడు ఒకటి తగ్గాడు, పదకొండోవాడు నాలుగు పెరిగాడు, ఇరవై మూడోవాడు ఏడు. నాలుగో వంతువాడి పొటెన్షియల్ ఇంకా 71 చూపిస్తోంది గనుక, నిద్రపోయేముందు వాడి పేరును ట్రేడింగ్ బ్లాక్‌లో, అంటే ఇచ్చేయడానికి సిద్ధమని చెప్పే జాబితాలో, పెట్టి ఏయే జట్లు ఏమిస్తాయో చూశాను.